తీతువు గున్నమ్మ చెప్పిన ఏటి మాట

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో ఏడు వాగులు పారేవి. అందుకని దాన్ని ఏడువాగుల సీమ అనేవారు. మృగరాజు ఎక్కడో దూరాన పెద్ద అడవిలో ఉండేవాడు. ఆయనకి ఈ సీమ సంగతి పట్టేది కాదు. ఇక్కడి బాగోగులు ఇక్కడివాళ్లే చూసుకునేవారు. పెత్తనమంతా ఒక ముసలి ఏనుగుది. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. ఎండలు ముదిరి, తొలకరి ఇంకా పడకముందు, జంతువులన్నీ నల్లబండ దగ్గర పోగయ్యేవి. ఒకరు ఆ బండెక్కి ఏటి మాట చెప్పాలి. ఏటి మాట అంటే ఏమిటనుకున్నారు? వచ్చే ఏడాది సీమలో ఏ పనికి గిరాకీ ఉంటుంది, ఏ పని మందగిస్తుంది, పిల్లలకి ఏది నేర్పిస్తే వాళ్ల కడుపు నిండుతుంది, అదన్నమాట. ఆ మాట విన్నాక ప్రతి ఇంటివాళ్లూ ఒక ఆకు పట్టుకుని వెళ్లి, తమకు నచ్చిన పనివాడి ముందు వేసేవారు. ఆకు పడిందంటే ఆ ఇంటి పిల్ల ఏడాది పాటు ఆ పనే నేర్చుకోవాలి. మధ్యలో వద్దంటే కుదరదు.

ఏటి మాట చెప్పేది తీతువు పిట్టల ఇల్లు. ఎందుకంటే, తీతువు ఎత్తు మీద గుడ్లు పెడితే వానలు జాస్తి, పల్లంలో పెడితే వానలు తక్కువ అని అందరికీ గురి. మిగతా రోజుల్లో తీతువు అరిస్తే అపశకునం అని మొహం తిప్పుకునేవాళ్లే, ఆ ఒక్క రోజూ దాని నోటి వంక చూస్తూ కూర్చునేవారు. లోకం తీరే అంత, ఏం చేస్తాం.

అప్పట్లో ఆ పని గున్నమ్మ అనే తీతువుది. వాళ్ల అమ్మమ్మ ఉన్న రోజుల్లో ఆవిడ మూడు రోజులు సీమంతా కాలినడకన తిరిగి వచ్చాక గానీ బండెక్కేది కాదు. రెక్కలున్నాయి కదా, ఎగిరి చూసి రావచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. గున్నమ్మకి ఆ ఓపిక లేదు. ఒక ఏడు ఎండలు మండిపోతున్నాయి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నడవబుద్ధి కాలేదు. తిన్నగా వెళ్లి బండెక్కేసింది.

బండ మీద నుంచి చూస్తే ఏం కనబడింది? ఎలుగుబంట్లు వరసగా తేనెపట్లు మోసుకొస్తున్నాయి. ఎండలో తేనె బంగారంలా మెరుస్తోంది. చూసేవాళ్లకి నోరూరిపోతోంది. గున్నమ్మ ఇంకేం ఆలోచించలేదు. ఇక ముందంతా తేనెదే రాజ్యం, పిల్లల్ని తేనె పనిలో పెట్టండి అని చెప్పేసింది. ఆ ఒక్క ముక్కకి ఎలుగు మాష్టారి ముందు ఆకులు గుట్టగా పడ్డాయి. అంత గుట్ట ఆ సీమలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

మరి ఏడువాగుల సీమవాళ్ల సంగతి మీకు తెలియదు. ఒకరి పిల్ల ఒక బడిలో చేరిందంటే, పక్కింటి పిల్ల కూడా అదే బడిలో చేరాలి. లేకపోతే ఆ రాత్రి వాళ్లకి కంటి మీద కునుకు పట్టదు. ఉడుతలు చేరాయి. కుందేళ్లు చేరాయి. ముళ్లపంది పిల్ల చేరింది. పేడపురుగుల పిల్లలకి రెక్కలున్నాయి కాబట్టి పట్టు దాకా ఎగరగలరని చెప్పి వాళ్లనీ చేర్చారు. ఆఖరికి తాబేలు వాళ్లు కూడా ఆకు వేశారు. చెట్టెక్కలేడు కదమ్మా అని ఎవరో అంటే, కింద నిలబడి అందుకుంటాడులే అంది వాళ్లమ్మ. అడవికోడి కూయకముందే పిల్లలందరినీ లేపి, కొమ్మలకి వేలాడదీసి, ఎలుగు మాష్టారు పాఠం చెప్పేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకి తెలిసిన పని అదొక్కటే, లోకంలో ఉన్న పనీ అదొక్కటే అనుకునేవాడు.

గున్నమ్మ కూడా తన కూతురు చిట్టెమ్మని ఆ బడిలోనే వేసింది. చెప్పినామె తనే కదా, తన పిల్లని వేయకపోతే బాగుంటుందా? కానీ తీతువు కాలికి కొమ్మను పట్టుకునే వెనక వేలు ఉండీ లేనట్టు ఉంటుంది. అందుకే తీతువులు చెట్టు మీద వాలవు. నేల మీదే పుడతాయి, నేల మీదే తిరుగుతాయి. చిట్టెమ్మ రోజూ కొమ్మ మీదకి ఎగిరేది, రోజూ జారి పడేది. తోటి పిల్లలు నవ్వేవారు. సాయంత్రం ఇంటికొచ్చి తల్లితో ఏమీ చెప్పేది కాదు. ఏడాది గడిచేసరికి పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది.

ఏటి మాట మళ్లీ నాలుగు రోజుల్లో ఉందనగా, చిట్టెమ్మ పైకొమ్మ మీంచి పడి రెక్క వాచిపోయింది. గున్నమ్మ ఆకుపసరు రాస్తుంటే పిల్ల నేల చూపులు చూస్తూ ఒక మాట అంది.

"అమ్మా, అందరికీ వచ్చేది నాకు రావట్లేదు. నేను దేనికీ పనికిరాననుకుంటా."

గున్నమ్మ పసరు రాసే చెయ్యి ఆగిపోయిందని చెబుదామంటే దానికి చెయ్యి లేదు కదా, ముక్కు ఆగిపోయింది. నా నోటి మాటే కదా ఈ పిల్లని ఆ కొమ్మ ఎక్కించింది, ఇలాంటి పిల్లలు ఇంకెంతమందో అనుకుంది. తల్లి మనసు తట్టుకోలేకపోయింది.

ఆ సాయంత్రమే ఎలుగు మాష్టారు పరామర్శకి వచ్చాడు. పిల్లకి తేనె చుక్క నాకించాడు. వచ్చే ఏడు ప్రత్యేకంగా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతానన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఈ ఏడూ తేనె మాటే కదా గున్నమ్మా?" అని అడిగాడు. గున్నమ్మ చూద్దాం మాష్టారూ అని మాత్రం అంది. తెల్లవారగానే పిల్లని పొరుగున ఉన్న కౌజుపిట్టకి అప్పగించి, అమ్మమ్మ నడిచిన దారిన కాలినడకన బయలుదేరింది.

మొదటి రోజు ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లింది. అక్కడ ఒక పుట్ట ఉంది. గున్నమ్మ ఆ పుట్ట మీదుగా వెయ్యిసార్లు ఎగిరి ఉంటుంది, ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు కాళ్లు నొప్పెట్టి దాని నీడన కూలబడింది. కూర్చున్న చోట చల్లగా గాలి తగిలింది. బయట రాళ్లు పేలిపోయే ఎండ, పుట్ట కన్నంలోంచి మాత్రం వాగు ఒడ్డున వీచే గాలి. ఇదేమిటని చెవి ఆనించి విన్నది. లోపల సన్నగా ఒకటే సవ్వడి. ఆగదు, తగ్గదు. వానాకాలంలో దూరంగా వాగు పొంగుతున్నట్టు ఉంది.

ఒక ముసలి చెదపురుగు మట్టిముద్ద నోట కరుచుకుని బయటికొచ్చింది. గున్నమ్మ దాన్ని కదిపి, లోపల ఏం జరుగుతోందని అడిగింది. అది గాలికి దారులు వేస్తున్నామంది. గదులు కడుతున్నామంది. పడిపోయిన మానుల్ని తెచ్చి నమిలి మట్టి చేస్తున్నామంది. తొలకరికి సీమంతా ఎగబడి తినే పుట్టగొడుగులకి విత్తనం లోపల తామే పెంచుతున్నామంది. చెప్తూనే పని చేస్తోంది, తల కూడా ఎత్తలేదు.

"మీరు ఎంతమంది ఉంటారు తాతా?" అని అడిగింది గున్నమ్మ.

"లెక్కపెడదామని ఒకసారి మొదలెట్టాం తల్లీ. మధ్యలో పని వచ్చి వదిలేశాం."

నల్లబండ దగ్గర పోగయ్యే జనం అంతా కలిసినా ఈ ఒక్క పుట్టలో ఒక మూలకి రారు. ఇలాంటి పుట్టలు సీమలో ఎన్ని వందలో. వీళ్లెవరూ బండ దాకా ఎక్కి రాలేదు, మా పని ఇదీ అని ఏనాడూ అరవలేదు. అందుకే ఏ ఏటి మాటలోనూ వీళ్ల ఊసు లేదు. తన కాళ్ల కింద ఇంత లోకం కదులుతోందని తెలిశాక ఆమెకి అడుగు తీసి అడుగు వేయడానికి కూడా భయమేసింది.

రెండో రోజు ఏనుగుల దారిన నడిచింది. దారి పొడుగునా పేడ కుప్పలు ఎండి పడి ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి. ఒక కుప్ప దగ్గర ముసలి పేడపురుగు ఒక్కడే ఉన్నాడు. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఉండని వెనక కాళ్లతో నెట్టుకుంటూ పోతున్నాడు. గుంట తవ్వాడు, ఉండని దింపాడు, మట్టి కప్పాడు, మళ్లీ వెనక్కొచ్చాడు. గున్నమ్మ పొద్దు వాలేదాకా నిలబడి చూసింది.

ఇంత పని ఒక్కడివే చేస్తున్నావేం తాతా అని అడిగితే ఆయన నవ్వాడు. పిల్లలు తేనె బడికి వెళ్లారు తల్లీ, పెద్ద చదువు కదా అన్నాడు. ఆ మాట తగిలి గున్నమ్మ తల దించుకుంది. అప్పుడాయన ఆమెని ఒక పక్కకి తీసుకెళ్లి, తను కిందటేడు పూడ్చిన గుంటల్ని చూపించాడు. ప్రతి గుంటలోనూ ఒక మొలక. నేరేడు మొలక, ఇప్ప మొలక, వెలగ మొలక. ఏనుగు తిన్న పండ్ల గింజలు పేడలో వస్తాయి. పూడిస్తే చెట్టు, పూడ్చకపోతే ఎండలో మాడిపోవడమే. అక్కడి నుంచి కొండ దాకా పచ్చగా ఉన్న చెట్లన్నీ చూపించి, వాటిని తన తాతలూ ముత్తాతలూ పూడ్చారని చెప్పాడు. చాలా మామూలుగా చెప్పాడు, పొద్దున్న ముఖం కడుక్కున్నానని చెప్పినట్టు.

గున్నమ్మ ఆ చెట్ల వంక తల ఎత్తి చూసింది. ఆకాశాన్ని అంటుతున్న మానులు. ఇంత అడవిని ఇంత చిన్న కాళ్లు నాటాయా అనుకుంటే ఒళ్లు జలదరించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తాతకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టింది కూడా. ఆయన కంగారుపడి ఇంకో కుప్ప వైపు వెళ్లిపోయాడు.

మూడో రోజు తేనెకొండకి వెళ్లింది. అక్కడ నిలువు బండకి పెద్దపెద్ద పట్లు వేలాడుతున్నాయి. లక్షల తేనెటీగల రొద కొండని దద్దరిల్లజేస్తోంది. ఆ రొదకి గున్నమ్మ గుండె కూడా అదే తాళంలో కొట్టుకోవడం మొదలెట్టింది. వాటి అందం చూస్తే నిరుడు తను అన్న మాటలో తప్పేం లేదేమో అని కూడా అనిపించింది. సరిగ్గా అప్పుడే ఒక తేనెటీగ అలసిపోయి ఆమె పక్కన రాయి మీద వాలింది.

ఎక్కడి నుంచి వస్తున్నావక్కా అని అడిగితే, ఆరు వాగులు దాటి వస్తున్నానంది. ఇదివరకు రెండు వాగుల్లోపే పువ్వు దొరికేదట. ముసలి చెట్లు పడిపోతున్నాయి, ఈ ఏడు కొత్త మొలక అంతంత మాత్రమే. తేనె బడికి పోయిన ఉడుతలు గింజలు దాచడం మానేశాయి, దాచి మరిచిపోయినవే కదా మొలిచేవి. పేడ పూడ్చేవాళ్లు లేరు. ఇలాగే సాగితే పూలు ఇంకా తగ్గుతాయి, పట్లు సగానికి పడిపోతాయి అంది.

"అవునుగానీ అక్కా," అంది తేనెటీగ, "తేనె తీయడం నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారట. పట్లు చూస్తే పదుల్లో ఉన్నాయి. మీ ఏటి మాట చెప్పినావిడ ఎవరో గానీ, ఇటువైపు ఒక్కసారైనా వచ్చిందా?"

ఆ చెప్పినావిడ తనే. గున్నమ్మ కొండ దిగి నడక మొదలెట్టింది. చీకటి పడేలోగా ఇంటికి చేరింది.

మర్నాడు నల్లబండ దగ్గర సీమంతా కూడింది. ముందు వరసలో ఎలుగు మాష్టారు, ఆయన చుట్టూ పిల్లల తల్లిదండ్రులు, అందరి నోళ్లలోనూ ఆకులు సిద్ధంగా ఉన్నాయి. చిట్టెమ్మ వాచిన రెక్కతో కౌజుపిట్ట పక్కన ఒదిగి కూర్చుంది. గున్నమ్మ బండెక్కింది. తేనె అని ఒక్క మాట అంటే చాలు, గౌరవం నిలబడుతుంది, ఏడాది పాటు ఎవరూ ఏమీ అడగరు. తప్పు ఒప్పుకుంటే వాళ్ల ఇంటి మాటని ఇక ఎవరూ నమ్మరు. కూతురి రెక్క వంక చూసింది, అంతే, నోరు తెరిచింది.

"నిరుడు నేను నడవలేదు," అంది. "నడవకుండా చెప్పాను. ఆ మాట తప్పు. మీ పిల్లలు పడిన దెబ్బలన్నీ నా మాట వల్లే."

గున్నమ్మ మూడు రోజులూ చూసినదంతా చెప్పింది. తేనెకి రానున్నది గడ్డుకాలమని చెప్పింది. మట్టి పనికి, పూడ్చే పనికి, గింజలు దాచే పనికి చేతులు చాలడం లేదని, ఆ పనులు నిలబడితేనే తేనె కూడా నిలబడుతుందని చెప్పింది. ఎలుగు మాష్టారి ముఖం మాడిపోయింది. వెనక నుంచి ఒక నక్క, మా పిల్లని పేడ ఎత్తడానికి పంపమంటావా అని వెటకారం చేసింది. దాంతో జనమంతా పకపకా నవ్వారు. చిట్టెమ్మ తల రెక్క కింద దాచుకుంది.

పెద్దమ్మ నవ్వలేదు. ఇవన్నీ ఎక్కడ చూశావని అడిగింది. కింద చూశాను పెద్దమ్మా అంది గున్నమ్మ. అయితే చూపించు అని ఆవిడ లేచింది. ఏనుగు లేస్తే మిగతావాళ్లు కూర్చుంటారా? సీమంతా బండ వదిలి వాళ్లిద్దరి వెనకే నడిచింది. పుట్ట దగ్గర అందరూ చెవులు ఆనించి విన్నారు, నక్క కూడా విన్నది. అక్కడి నుంచి ఏనుగుల దారికి వచ్చేసరికి ఎవరి నోటా నవ్వు లేదు.

ముసలి పేడపురుగు ఇంకా నెడుతూనే ఉన్నాడు. పెద్దమ్మ ఎండిపోయిన కుప్పల వంక చూసింది, ఆ పక్కన మొలకల వంక చూసింది, తల ఎత్తి కొండ దాకా ఉన్న చెట్ల వంక చూసింది.

"ఇది నాదే కదా," అంది నెమ్మదిగా. "అరవై ఏళ్లుగా ఈ దారినే పోతున్నాను. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు."

అని తొండంతో ఒక లేత ఆకు కోసి, ఆ పేడపురుగు ముందు నేల మీద పెట్టింది. ఆ ఇంటి ముందు ఆకు పడటం సీమ పుట్టాక అదే మొదలు. ముసలాయనకి అదేమిటో అర్థం కాలేదు. ఆకు వంక చూశాడు, అంత పెద్ద ఏనుగు వంక చూశాడు.

"పెద్దమ్మా, దీన్ని కూడా పూడ్చాలా?" అని అడిగాడు.

ఈసారి నవ్వినవాళ్ల కళ్లలో నీళ్లున్నాయి. ఒకరి వెనక ఒకరు ఆకులు వేయడం మొదలెట్టారు. ఉడుతలు ఉడుతల ముందే వేసుకున్నాయి. పేడపురుగుల పిల్లలు పరిగెత్తుకుంటూ తాత దగ్గరికి వచ్చేశారు. ఎలుగు మాష్టారు తన ఆకు పట్టుకుని కాసేపు తటపటాయించి, పుట్ట దగ్గర పెట్టి వచ్చాడు. ఆఖరున చిట్టెమ్మ వాచిన రెక్క ఈడ్చుకుంటూ వచ్చింది. ముక్కున ఉన్న ఆకుని తల్లి కాళ్ల దగ్గర వేసింది.

"నాకు నడవడం వచ్చమ్మా," అంది.

గున్నమ్మ పిల్ల తల మీద ముక్కు ఆనించి అలాగే నిలబడింది.

ఒక్క రోజులో అంతా చక్కబడిందని చెప్పను. ఆ ఏడు తేనె నిజంగానే తగ్గింది, కొన్ని ఇళ్లలో పస్తులు కూడా ఉన్నారు. మూడు తొలకర్లు గడిచాక ఏనుగుల దారి పొడుగునా మొలకలు మోకాలి ఎత్తు లేచాయి, వాటి చుట్టూ పూలమొక్కలు విరగబూశాయి, పట్లు మళ్లీ బరువెక్కాయి. ఎలుగు మాష్టారి బడిలో ఇప్పుడు పన్నెండుమందే ఉన్నారు. పన్నెండుమందికీ చెట్టెక్కడం అంటే ప్రాణం, ఒక్కరూ పడరు. ఏటి మాట చెప్పేది చిట్టెమ్మ. సీమంతా ఆమె వెనక మూడు రోజులు నడుస్తుంది, పెద్దమ్మ అయితే అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసుకుంటుంది. నల్లబండ అలాగే ఉంది, ఏటి మాట కోసం ఇప్పుడు దాన్ని ఎవరూ ఎక్కరు. దాని మీద తొండలు ఎండ కాచుకుంటున్నాయి.

నీతి: రేపు ఎలా ఉంటుందో చెప్పాలంటే ముందు నేల మీద నడిచి చూడాలి, కంటికి ఆనని పనివాళ్లే అందరి కూటికీ ఆధారం.